మా మేనత్త ఇచ్చిన మొదటి బ్యాటరీ

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా మా నాయన జీపు ఇంజను ఆపడానికి భయపడ్డాడు. ఆపితే మళ్లీ స్టార్టు కాదు. కోరుట్ల నుంచి జగిత్యాలకు మనుషులను ఎక్కించుకుని తిరిగే జీపు అది. చాయ్ తాగుతున్నా ఇంజను నడుస్తూనే ఉండేది. ఆపక తప్పకపోతే ఎత్తు చూసి నిలిపేవాడు, తర్వాత పల్లానికి నెట్టుకోవచ్చని. నాకు బడి సెలవులు. ఆయన పక్కన కూర్చుని, చప్పుడు కాస్త తగ్గితే చాలు ఉలిక్కిపడేవాణ్ని. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా మా ఇద్దరి చెవులూ వాకిట్లోనే ఉండేవి.

ఆ జీపులో బ్యాటరీ మా మేనత్త ఇచ్చింది. ఆమె మా నాయనకు చెల్లెలు. మామయ్య దుబాయిలో ఉంటే, ఆమె కోరుట్లలో బ్యాటరీల దుకాణం నడిపేది. జీపులు, ట్రాక్టర్ల బ్యాటరీలకు చార్జింగ్ పెట్టేది, కొత్తవి అమ్మేది. అందరు డ్రైవర్లూ అక్కడికే వచ్చేవాళ్లు. తనకిచ్చిన బ్యాటరీ ఏడాది తిరగకముందే చచ్చిపోయేసరికి, మా నాయన దాన్ని ఊడదీసి, ఆ డ్రైవర్ల ముందే తీసుకెళ్లి దుకాణం అరుగు మీద పడేశాడు.

"తోడవుట్టినోనికే గిట్ల కుళ్లిన సరుకు అంటగడితివి. ఇగ బయటోళ్లకు ఏం అమ్ముతున్నవే చెల్లె?"

అత్త మూతలు తిప్పి లోపలికి చూసింది. నీళ్లు ఇంకిపోయి పలకలు బయటపడ్డాయి. డబ్బా పక్కలు ఉబ్బాయి.

"నీళ్లు పోస్తున్నవా అన్నా?"

"ఎందుకు పొయ్య? ఎంత పోసినా తాగుతనే ఉంటది, కల్లుకాడ కూసున్నట్టు."

డ్రైవర్లు నవ్వారు. అత్త కూడా నవ్వి, లైట్ల బుగ్గలు, అంటే బల్బులు, మాడుతున్నాయా అని అడిగింది. మాడుతున్నాయనీ, అయినా తన జీపుకున్నంత తెల్లటి వెలుగు ఈ రోడ్డు మీద ఏ బండికీ లేదనీ మా నాయన గొప్పగా చెప్పాడు. ఆమె ఇంకేమీ అడగకుండా కొత్త బ్యాటరీ తెచ్చి బిగించింది. తాను కూడా జగిత్యాల దాకా వస్తానంది.

ముందు సీట్లో వాళ్లిద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. బ్యాటరీకి రెండు వైర్లు తగిలించి, ఓల్టులు కొలిచే ముల్లు మీటరొకటి అత్త నా ఒళ్లో పెట్టింది. దాని అద్దం మీద పద్నాలుగున్నర దగ్గర ఒక ఎర్రదారం అంటించింది.

"బండి ఉరుకుతుంటె ముల్లు గీ దారం దాటినప్పుడల్లా చెప్పు అల్లుడా."

జీపు ఊరు దాటి వేగం అందుకోగానే ముల్లు దారం దాటింది. చెప్పాను. ఎవరినో దించడానికి ఆగితే వెనక్కి వచ్చింది, కదలగానే మళ్లీ దాటింది. మళ్లీ చెప్పాను. ఎండకు ఒళ్లంతా చెమట, చేతుల్లో మీటరు జారిపోతోంది, నా గొంతు అరుపయింది.

"సాలు తియ్, చెవులు తింటున్నవ్," అన్నాడు నాయన.

వెనక సీట్లోని ఒక ముసలమ్మ తల ముందుకు పెట్టి, "ఏం దాటిందిరా కొడుకా, గోదారా?" అంది. జీపంతా నవ్వు.

"ఏం లేదవ్వా, పిలగానికి లెక్కలు నేర్పుతున్న," అంది అత్త.

జగిత్యాలలో చివరి మనిషి కూడా దిగి వెళ్లిపోయాకే ఆమె అసలు మాట ఎత్తింది.

"రెగ్యులేటర్ ఎవలు ముట్టిండ్రు అన్నా?"

నాయన స్టీరింగు మీద వేళ్లతో కొట్టుకుంటూ కాసేపు అటూ ఇటూ చూశాడు. "నేనే. లైట్లు మసకగ పడుతున్నయని స్ప్రింగు జర బిగించిన."

మాది సిరిసిల్ల నేతవాళ్ల ఇల్లు. జీపు కొనేదాకా మా నాయన మగ్గం మీదే బతికాడు. ఏది వదులుగా కనిపించినా ముందు బిగించడానికే ఆయన చెయ్యి పోయేది.

"బాపు పడుగు ఎంత గుంజేటోడు, యాదికున్నదా?" అంది అత్త, మా తాతను తలుచుకుని. "ఒదులుంటె బట్ట మంచిగ రాదు. మస్తు బిగిస్తె పోగులు పటపట తెగుతయ్. నువ్వు తెగేదాక గుంజినవ్."

తర్వాత నాకర్థమయ్యేలా చెప్పింది. బండి నుంచి బ్యాటరీకి ఎంత కరెంటు పోవాలో చూసేది రెగ్యులేటరే, దాని స్ప్రింగు బిగిస్తే ఎక్కువ పోతుంది. బ్యాటరీ పన్నెండు ఓల్టులదే అయినా, అది నిండాలంటే బండి నుంచి పద్నాలుగు దాకా రావాలి. పదమూడున్నర కూడా అందకపోతే అది ఎప్పుడూ సగం ఆకలితోనే ఉండి, పలకలు తెల్లబారి పాడవుతాయి. పద్నాలుగున్నర దాటి పోతూ ఉంటే లోపలి నీళ్లు ఆవిరై, పలకలు రాలిపోతాయి. ఎండాకాలం ఆ చేటు ఇంకా తొందరగా జరుగుతుంది. లైట్ల తెల్లటి వెలుగు, మాడే బుగ్గలు, ఎంత పోసినా చాలని నీళ్లు, మూడింటికీ కారణం ఒక్కటే.

నాయన రెగ్యులేటర్ డబ్బా విప్పి స్ప్రింగు కొంచెం కొంచెంగా వదులు చేశాడు. ఇంజను వేగం ఎంత పెంచినా ముల్లు దారం ఇవతలే నిలిచేదాకా నేను మీటరు చదివి చెబుతూ పోయాను. లైటు వేసి చూసి, "గుడ్డిదీపం లెక్కున్నది," అన్నాడు. డబ్బా మూత బిగించాడు.

ఆ రెండో బ్యాటరీ చాలా ఎండాకాలాలు పని చేసింది. కానీ ఆ రోజు మేం తిరిగి కోరుట్ల వచ్చినప్పుడు డ్రైవర్లు మా చుట్టూ చేరి ఏమైందని అడిగారు. "చెల్లె మార్చి ఇచ్చింది," అన్నాడు నాయన. అందులో అబద్ధం లేదు. వాళ్లు మాత్రం మొదటిది కుళ్లిన సరుకేననుకున్నారు. అత్త అక్కడే ఉంది, మీటరు వైర్లు చుట్టుకుంటూ. ఇప్పుడైనా నాయన చెబుతాడేమోనని ఆయన ముఖంలోకి చూస్తూ కాళ్లు మార్చి మార్చి నిలబడ్డాను. ఆయన బండెక్కి హారన్ కొట్టాడు.

డ్రైవర్లు మెల్లగా మెట్‌పల్లి దుకాణాలకు పోవడం మొదలుపెట్టారు. అత్త దుకాణం మూతపడింది. ఆ తర్వాత ఆమె వాకిట్లో కూర్చుని బీడీలు చుట్టేది. నేను మొదట్లో భయపడి నోరు విప్పలేదు, పెద్దయ్యాక నాయన పరువని ఊరుకున్నాను. ఆ తర్వాత పెళ్లిళ్లలో నలుగురు కూర్చున్నచోట, సొంత అన్నకే చచ్చు బ్యాటరీ అంటగట్టిన చెల్లెలి కథ నేనే చెప్పి నవ్వించాను. ఒకసారి అత్త కూడా ఆ నలుగురిలో ఉంది. నవ్వింది.

నాయన పోయాక ఒకరోజు ఆమె దగ్గర కూర్చుని, అందరికీ ఉన్నదున్నట్టు చెబుతానన్నాను. "పోయినోని మీద ఇప్పుడెందుకురా? దుకాణం తిరిగొస్తదా?" అంది. రాదు. అయినా అప్పట్నుంచి నాకు కుదురు లేదు.

ఆమె నేర్పిన కొలత వల్ల నా బండ్లలో ఏ బ్యాటరీ అర్ధాయుష్షుతో పోలేదు. కానీ ఆ రోజు నుంచి నాతో వస్తున్నది అదొక్కటే కాదు. తనను పదిమందిలో నిందించిన మనిషి తప్పు చెప్పడానికి, జీపులో ఉన్నవాళ్లంతా దిగేదాకా ఆమె ఆగింది. ఆయన కొడుకునై ఉండి నేను మాత్రం ఇన్నేళ్లు ఆమె పరువు పోతుంటే చూస్తూ ఆగాను. అందుకే పదిమంది చదివేచోట రాస్తున్నాను: మా మేనత్త ఇచ్చిన మొదటి బ్యాటరీ కూడా మంచిదే.