ఫస్టుగారు నింపిన గడి

పార్సిలు ఆఫీసు పెద్దగుమాస్తాని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందరూ ఫస్టుగారనే అంటారు. ముద్దుగా కాదు, వెటకారంగా. ఆయన మాత్రం దాన్ని బిరుదనుకున్నాడు. బస్సొస్తే అందరికంటే ముందు ఎక్కాలి, అది ఎక్కడికి వెళ్తుందన్నది తరవాతి సంగతి. ఆఫీసుకొచ్చిన పేపరు ముందుగా ఆయన చేతిలోనే నలగాలి. చదువుతాడా అంటే అదీ లేదు, మడతపెట్టి తొడ కింద దాచుకుంటాడు. పక్కింట్లో చావు కబురు తెలిస్తే చాలు, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండా పరిగెత్తి ముందు కుర్చీ పట్టుకుని, వెనకొచ్చినవాళ్లని "ఇప్పుడా రావడం?" అని మందలిస్తాడు.

ఇంత పరుగు పెట్టి ఆయనగారు సాధించిందేమిటయ్యా అంటే, పెద్ద సున్నా. ఆయన చేతిమీదుగా వెళ్లిన మూటలు ఒక ఊరికి బదులు ఇంకో ఊరికి చేరేవి. అడ్రసు చివరిదాకా చదివే ఓపిక ఉంటే గదా! హమాలీలు తిట్టుకుంటూ వాటిని మళ్లీ దించి, మళ్లీ ఎక్కించేవాళ్లు. ఆయన మాత్రం "మన కౌంటరంత చురుగ్గా ఇంకే కౌంటరు నడుస్తోందో చూపించండి" అని మీసం దువ్వుకునేవాడు.

చెల్లెలి కూతురు ఆయనింట్లోనే ఉండి నర్సింగు చదువుతోంది. చెల్లెలు ఏటి అవతల పల్లంలో, పెద్దపెద్ద చెట్ల నడుమ ఉన్న నాలుగిళ్ల గూడెంలో ఉంటుంది. భర్త పోయాక కూడా ఆ ఇల్లు వదల్లేదు. ఫస్టుగారు అక్కడికి ఒకే ఒకసారి వెళ్లాడు. ఉన్నంతసేపూ దోమలని సణిగి, తెల్లారగానే మొదటి బస్సుకి తిరిగొచ్చేశాడు. ఆ ఇల్లు ఏ దిక్కున ఉందంటే ఇప్పుడు చెప్పలేడు.

ఆ ఏడు వానలకి ఏరు ఊళ్లమీద పడింది. ఫోన్లు మూగబోయాయి. చెల్లెలి దగ్గర్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. మేనకోడలు ఏడుస్తూ కూర్చునే రకం కాదు. కంప్యూటరు ముందేసుకుని కూర్చుంది.

"మామయ్యా, మనుషుల్ని ఒడ్డుకి తెచ్చే పడవలవాళ్ల దగ్గరున్న మ్యాపులో ఏరు తప్ప ఏమీ లేదట. వానలకి ముందు పైనుంచి తీసిన ఫొటోలున్నాయి. అవి చూసి ఇళ్లూ దారులూ గీసిస్తే, ఆ గుర్తులు పట్టుకుని వెళ్తారు. ఎక్కడెక్కడివాళ్లో ఇళ్లల్లో కూర్చుని గీస్తున్నారు. మీరూ ఓ చెయ్యి వెయ్యండి."

పని తేలికే. ప్రాంతాన్నంతా గడులుగా కోశారు. ఒక్కొక్కరు ఒక్కో గడి తీసుకుని, కళ్లు పెట్టి వెతికి, ఇల్లు కనిపించినచోటల్లా డబ్బా గీసి, చివర్న "పూర్తయింది" అని నొక్కాలి. గడి పచ్చగా మారుతుంది. తరవాత ఇంకొకరు సరిచూడాలి గానీ, ఆ తొందరలో సరిచూసేవాళ్లు తక్కువ. పక్కనే ఎవరెన్ని గడులు ముగించారో వరసగా పేర్లు కనిపిస్తాయి. ఆ వరస ఆయన కంట పడకుండా ఉండాల్సింది. పడింది. ఇంకేముంది!

ఫస్టుగారు కుర్చీ లాక్కుని, చొక్కా చేతులు మడిచి రంగంలోకి దిగాడు. మెరిసే బండరాయి కనిపిస్తే డబ్బా. గడ్డివాము కనిపిస్తే డబ్బా. గడంతా చెట్లే ఉంటే మరీ సంతోషం. "అడవి. ఇందులో మనిషెవడుంటాడు?" అంటాడు, నొక్కేస్తాడు. ఆకుల సందుల్లో రేకు మెరిసిందా, కాలిబాట పాకిందా అని వంగి చూసిన పాపాన పోలేదు. టీ చల్లారేలోపు గడులు పచ్చబడిపోతున్నాయి. "ఇవి ఇళ్లు కావు, రాళ్లు. కాస్త నెమ్మదిగా చూడండి" అని సరిచూసేవాళ్లెవరో మర్యాదగా రాస్తే ఒంటికాలి మీద లేచాడు. "నాకు చెప్పడానికి వీడెవడు? వరసలో ఎక్కడున్నాడో చూసుకోమను ముందు!"

మర్నాటికి వరసలో ఆయనే ఫస్టు. ఆ వరసనీ, కింద తాను నింపిన గడి బొమ్మనీ కాగితం మీద తీయించి ఆఫీసు అద్దానికి అంటించాడు. మూట దించుతున్న హమాలీ ఒకడు కింద ఉన్న బొమ్మకేసి చూసి, "ఈ రాతి మీద ఎవరుంటారు సార్, మేకలా?" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. ఫస్టుగారు వాళ్లది కుళ్లు అనుకున్నాడు.

అటు మేనకోడలు ఒక్కో గడి మీద పూటపూటంతా కూర్చునేది. ఆమె గీసిన కాలిబాట పట్టుకుని పడవలు ఓ బడి దాకా వెళ్లాయి. మిద్దెమీద ఉన్నవాళ్లందరూ బయటపడ్డారు. ఆ కబురొచ్చినప్పుడు ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఫస్టుగారి భార్యతో, "అమ్మవాళ్ల గడి ఎవరో పుణ్యాత్ములు మొదటిరోజే పూర్తిచేసేశారత్తయ్యా. అందుకే నేను మిగతావాళ్ల అమ్మలవి చూస్తున్నా" అంది. ఫస్టుగారు పక్కనే ఉన్నాడు. "మంచిది, మంచిది" అని తలూపాడు.

కానీ అమ్మ రాలేదు. చుట్టుపక్కలవాళ్లు ఒక్కొక్కరే ఒడ్డుకి చేరుతున్నారు గానీ ఆ గూడెం మనిషి ఒక్కరూ లేరు. పిల్ల పడవలవాళ్లకి ఫోను చేసింది. "ఒడ్డున చూపించిన రెండు గుర్తుల దగ్గరికీ వెళ్లాం, ఏమీ లేదు. ఇంకక్కడ ఇళ్లేమీ లేవమ్మా. గడి పూర్తయిందనే ఉంది. ఉన్నచోట్లకే పడవలు చాలడం లేదు" అన్నారు. అప్పుడు తెరిచింది ఆ గడిని. చెట్లు. ఏటి ఒడ్డు రాళ్ల మీద రెండు డబ్బాలు. కింద, నింపినవారి పేరు.

"మామయ్యా," అంది. "ఇది మీరు చేసింది. మా ఇల్లు ఇక్కడుంది. ఈ చెట్టు కింద."

ఫస్టుగారు తెర మీదికి వంగి, మొదటిసారి ఆ గడిని కళ్లు పెట్టి చూశాడు. చూశాడు నిజమే. చెల్లెలు చిన్నప్పుడు తన చొక్కా అంచు పట్టుకుని నడిచిన సంగతి కూడా ఒక్క క్షణం గుర్తొచ్చింది. అయితే ఏం లాభం? నోరు పాత నోరే.

"దాన్ని మళ్లీ తెరిస్తే... నా లెక్కలోంచి తీసేస్తారా?"

వంటింట్లోంచి భార్య గరిట పట్టుకునే వచ్చింది. "ఛీ! మీ ఫస్టు తగలెయ్య! అక్కడ మీ తోడబుట్టింది ఉందో పోయిందో తెలీదు, మీకు లెక్క కావాలా?"

పిల్ల ఇద్దరినీ పట్టించుకోలేదు. గడి తెరిచి, ఆకుల చాటున తనకి తెలిసిన నాలుగిళ్లూ గీసి, బావి మీదుగా దారి గీసి, మళ్లీ ఫోను చేసింది. సాయంత్రానికి పడవ వెళ్లింది.

చెల్లెలు బతికే వచ్చింది. కాళ్లు నాని తెల్లగా పాలిపోయాయి, చేతులు ఇంటికప్పు రేకు గీసుకుని పుళ్లయ్యాయి. చూడ్డానికి ఇరుగుపొరుగు వచ్చారు. జనం కనిపించగానే ఫస్టుగారికి ప్రాణం లేచొచ్చింది. అందరికంటే ముందు కంచం ముందు కూర్చుని, మ్యాపుల పని ఎలా ఉంటుందో, అందులో తన వేగమెంతో ఏకరువు పెట్టాడు.

చెల్లెలు అన్నం కలుపుతూ మెల్లగా అంది. "పడవలు మా ఎదురుగానే వెళ్లేవన్నయ్యా. అరిచినా ఆ హోరులో వినబడేది కాదు. పక్కింటి పెద్దాయన నాతోపాటే రేకు పట్టుకుని ఉన్నాడు. ఆఖరికి ఇంక నావల్ల కాదమ్మా అని చెయ్యి వదిలేశాడు. మర్నాడు వచ్చింది పడవ. ఆ అబ్బాయి నన్ను చూసి, ఇన్నాళ్లూ మీరిక్కడ లేరని ఉందే అన్నాడు."

మేనకోడలు గోడకేసి చూస్తోంది. ఎవరో ఒకరు ఏదో అనాలి. ఎప్పటిలాగే ఫస్టుగారే ముందన్నాడు.

"ఎవడో పనికిమాలిన వెధవ! చూడకుండానే నొక్కేసి ఉంటాడు."

"అవునన్నయ్యా," అంది చెల్లెలు. "పడవబ్బాయి ఫోను చూపించాడు. పేరు కూడా ఉంది."

ముద్ద గొంతులో అడ్డంపడింది. ఫస్టుగారికి పొలమారి కళ్లవెంట నీళ్లు కారాయి. చెల్లెలు ఎడంచేత్తో నీళ్లగ్లాసు అందించి, అలవాటుగా అన్నయ్య నెత్తిమీద తట్టింది.

"ఎవరో తలుచుకుంటున్నట్టున్నారు" అంది.