టార్చిలైటూ, మామ్మగారి తొట్టీ

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో లోకమంతా మనకోసమే పాడై కూర్చున్నట్టు కనిపిస్తుంది. రెడ్డిగూడెం దగ్గర ఓ ఊళ్ళో ఆరోగ్య కార్యకర్తగా చేరినప్పుడు నా పరిస్థితి అదే. మెడలో కార్డు, చేతిలో టార్చిలైటు (పట్టపగలే సుమండీ), శుక్రవారం వస్తే ఇంటింటికీ తిరిగి, తొట్లలో దోమపిల్లలున్నాయేమో చూసి నీళ్ళు పారబోయించడం నా పని. దానికి డ్రై డే అని పేరు. పక్కవీధిలో అప్పటికే ఇద్దరికి డెంగీ వచ్చింది.

నా భయమంతా మామ్మగారి ఇంటి గురించే. ఆవిడ మామిడితోటల్లో కోతలకి వెళ్ళే మనిషి. కూతురు తొలికాన్పుకి పుట్టింటికొచ్చి, నిండు నెలలతో ఆ సిమెంటు తొట్టి పక్కనే మంచం వేసుకుని పడుకునేది. తొట్టిలో టార్చి వేస్తే పురుగులు గిలగిలా ఈదుతున్నాయి. చూపించాను. "నీళ్ళు మంచివన్నమాటేగా అమ్మాయ్, విషముంటే బతుకుతాయా?" అందావిడ నిదానంగా. నేను ఉపన్యాసం అందుకుని, తొట్టి అడుగున బిరడా మీద చెయ్యి వేశాను. అంతే, మామ్మగారు అడ్డంగా నిలబడింది. "శుక్రవారం పూట, కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో, నిండు తొట్టి ఒలకబోయిస్తావా?" వీధిలో ఆడవాళ్ళంతా ఆవిడ వైపే. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. కోపం కొంత, ఆ పిల్లకి జ్వరమొస్తే ఎలాగన్న దిగులు ఎక్కువ.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను, ఈసారి గొంతు తగ్గించి. "పోనీ ఏ రోజైతే పారబోస్తారండీ?"

"గురువారం సాయంత్రానికి ఎటూ తొట్టి అడుగంటుద్ది. శుక్రవారం పొద్దున్నే కుళాయొస్తది. గురువారమంటే ఎవరు కాదంటారు? నువ్వడిగితేగా!" అంటూనే చీపురు తీసింది. "పిల్ల భయం నాకు మాత్రం లేదా? ఈ వారానికి ఇవాళే కానిద్దాం పట్టు."

ఆ తర్వాత ప్రతి గురువారం ఊరంతా కొబ్బరిపీచుతో తొట్లు తోమి ఆరబెట్టడం, శుక్రవారం నింపి పసుపూ కుంకుమా పెట్టడం. సరిగ్గా ఓ శుక్రవారం మా ఆఫీసరుగారు తనిఖీకి దిగారు. ఏ ఇంట్లో చూసినా నిండు తొట్లే. "డ్రై డే నాడు ఊరంతా ఈ నీళ్ళేంటమ్మా?" అన్నారు. మామ్మగారు నా చేతిలో టార్చి లాక్కుని ఆయనకిచ్చింది. "తొంగిచూడండి బాబూ." చాలాసేపు చూశారాయన. తన మొహం తప్ప ఏమీ కనపడినట్టు లేదు. "గురువారమే కానివ్వండి," అని వెళ్ళిపోయారు.

కోతలు ముగిసేలోపే మామ్మగారికి మనవరాలు పుట్టింది. ఆ ఇంట్లో ఎవరికీ జ్వరం రాలేదు. నాకు బుట్టెడు చిన్నరసాలు ముట్టాయి.

ఇప్పుడు పట్నంలో ఇరవైనాలుగు గంటలూ నీళ్ళొచ్చే ఇంట్లో ఉన్నా, గురువారం సాయంత్రమైతే నా చెయ్యి బకెట్ల మీదికి పోతుంది. అప్పుడు పట్టపగలు టార్చి పట్టుకుని తిరిగిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఎదురుపడితే, "ముందు అది ఆర్పి, వాళ్ళని అడగవే" అని చెప్పాలనుంటుంది. వింటుందన్న నమ్మకం మాత్రం లేదు. నా మొహమ్మీదే టార్చి వేసి చూస్తుంది.