సిలిండరులో ఇంకొక్కసారికి చోటు

ముల్లు ఎర్ర గీత దాటడం నేను చూశాను. చూసి కూడా ఆపలేదు. ఆ విషయం మూడు రోజుల దాకా ఎవరికీ చెప్పలేదు.

కారు మాది. ఇరవై ఏళ్లు దాటిన చిన్న తెల్ల కారు. తమిళనాడు ధర్మపురిలో సేలం రోడ్డు మీద మా బావకు కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. బావ అంటే నా భర్తే. మేనమామ కొడుకు కాబట్టి పెళ్లయి పదిహేనేళ్లయినా ఆ పిలుపు మారలేదు. ఆ పాత కారు కొని, వెనక సీట్లు పీకేసి, లోపల ఇనుప గొట్టాలతో చట్రం వెల్డింగ్ చేసి, మట్టి మైదానాల్లో జరిగే పోటీలకు తీసుకెళ్లేవాడు. ఒకసారి పోటీకి ముందురోజు అతని మణికట్టు బెణికింది. పేరు ఇచ్చేశాం కదా అని ఆడవాళ్ల విభాగంలో నన్ను కూర్చోబెట్టాడు. నేను మూడో స్థానంలో వచ్చాను. తిరిగి వచ్చే దారిలో టీ తాగుతూ, "నా కంటే నువ్వే బాగ తోలుతావు. ఇంక నువ్వే తోలు" అన్నాడు. అతను అలా అనడానికి ఎంత ఆలోచించి ఉంటాడో నాకు తెలుసు. అప్పటి నుంచి వారమంతా బడిలో లెక్కలు చెబుతాను, ఆదివారం కారు తోలుతాను. కొన్నాళ్లకు ఆడవాళ్ల విభాగం వదిలి, పదకొండు వందల సీసీ లోపు కార్ల పోటీలో అందరితో పాటు దిగడం మొదలుపెట్టాను.

సాధన చేసేది బి. మల్లాపురం దగ్గర బావ నాన్న, అంటే మా మామ చేలో. వేరుశనగ పీకేశాక నేల ఖాళీగా ఉంటుంది. పాత టైర్లు పెట్టి దారి గీసుకుంటాం. ఆ ఆదివారం బావ గట్టు మీద ఫోన్ పట్టుకుని సమయం చూస్తున్నాడు. అంతకు ముందు నా మంచి చుట్టు యాభై నాలుగు సెకన్లు. ఆ రోజు ఆఖరి చుట్టులో మాత్రం మొదటి మలుపు నుంచే చక్రాలు నేను చెప్పిన చోటికి పోతున్నాయి. సగం చుట్టులో కళ్లు ఒక్క క్షణం మీటర్ల మీదికి పోయాయి. వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటి ఉంది. ఇంకో నాలుగు మలుపులే కదా అనుకున్నాను. చుట్టు ముగింపు గీత దాటగానే కింద నుంచి గరగరమని చప్పుడు వచ్చి ఇంజను ఆగిపోయింది. బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది.

బావ పరుగెత్తుకుంటూ వచ్చి మొదట చెప్పిన మాట, "యాభై ఒకటి." తర్వాతే బానెట్ ఎత్తాడు. రేడియేటర్ రబ్బరు పైపు చీలి నీళ్లన్నీ పోయాయి.

"పైపు పాతది. నేనే మార్చల్సింది" అన్నాడు. నేను ముల్లు సంగతి దాచి హెల్మెట్ విప్పుకున్నాను.

మరునాడు షెడ్డులో ఇంజను దించి విప్పారు. నేను బడి నుంచి వచ్చేసరికి బల్ల మీద ముక్కలు పరిచి ఉన్నాయి. రెండో సిలిండరు గోడ మీద నిలువుగా గీతలు పడ్డాయి. రింగు విరిగింది. పైన మూత వంగింది. సేలం పోటీకి మూడు వారాలుంది.

బావ అప్పటికే మనసులో ఒకటి అనుకున్నాడు. తొప్పూరు ఘాట్‌లో లారీ వెనక నుంచి గుద్దిన కారు ఒకటి అతని స్నేహితుడి దగ్గర ఉంది. వెనక భాగం నుజ్జయింది కాని ముందున్న ఇంజను చెక్కుచెదరలేదు. మా దానికంటే కొత్తది, పన్నెండు వందల సీసీ.

"దాన్ని తెచ్చి ఇందులో పెడితే నాలుగు దినాల పని. బలమూ ఎక్కువ. ఇది బాగుచేయాలంటే సిలిండరు తొలిచి బోరింగు కొట్టాల, కోయంబత్తూరు నుంచి పిస్టన్లు రావాల, మళ్లీ అన్నీ కూర్చాల. టైమే చాలదు" అన్నాడు.

"అది పెడితే మన విభాగం మారిపోతాది కదా బావా."

"మారితే మారనీ. పద్నాలుగు వందల వాళ్లతో తోలుతావు."

ఆ మాట నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో అప్పుడు చెప్పలేకపోయాను.

మామ బుధవారం సాయంత్రం వచ్చారు. మామ జీవితమంతా బావుల దగ్గర డీజిల్ పంపుసెట్టు ఇంజన్లు బాగుచేస్తూ గడిపారు. చుట్టుపక్కల మెట్ట చేలల్లో ఆయన చెయ్యి పడని ఇంజను లేదంటారు. ఆయన పాతదే బాగుచేయమంటారని బావకు భయం, నాకు ఆశ. మామ కళ్లద్దాలు పెట్టుకుని రెండో పిస్టన్ చేతిలోకి తీసుకున్నారు. వేలి గోరుతో సిలిండరు గోడ మీద గీకి చూశారు.

"నీళ్లు పోయినంక కూడా ఇది పరిగెత్తింది" అన్నారు చివరికి. "ఒక్క క్షణం కాదు, బాగ పరిగెత్తింది."

నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను చెప్పేదాన్ని కాదేమో.

"నేను చూసినాను మామా. సగం చుట్టులోనే ముల్లు ఎక్కింది. ఆపల్సింది, ఆపలేదు" అన్నాను.

బావ చేతిలో స్పానర్ అలాగే ఉంది. ఈ మూడు రోజులు పైపు మార్చలేదని తనను తాను తిట్టుకుంటున్న మనిషి. కోప్పడతాడనుకున్నాను. కోప్పడినా న్యాయమే.

"సగం చుట్టులో ఆపింటే యాభై ఒకటి వచ్చేది కాదు" అన్నాడు నెమ్మదిగా.

"వచ్చేది కాదు."

"ఆ యాభై ఒకటి నేను రోడ్డంతా చెప్పుకున్నాను" అని నవ్వడం మొదలుపెట్టాడు. మామకు కూడా నవ్వొచ్చింది. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంత జరిగాక మామ తీర్పు చెప్పారు. అది మేమిద్దరం అనుకున్నది కాదు. "కొత్తది పెట్టండి. పంపుసెట్టు అంటే రైతుకు వేరే గతి లేదు, బాగుచేసుకుంటాడు. మీకు దొరికింది కదా, పెట్టుకోండి. దీనితో ఎందుకు తంటా?"

బావ నా వైపు తిరిగాడు. "తోలేది నువ్వు. నువ్వే చెప్పు."

ఆలోచించుకోవడానికి రెండు రోజులు గడువు అడిగాను. స్నేహితుడి దగ్గర అదే ఇంజను ఉన్న కారు ఇంకొకటి ఉంటే దాన్ని తోలి చూశాను. బలముంది, నిజమే. తొక్కగానే ముందుకు దూకింది. కాని మలుపులో ముక్కు బరువుగా అనిపించింది. నేను వంద సార్లు పోయి నేర్చుకున్న మలుపులు అందులో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. అదీ ఒక కారణమే. అసలు కారణం ఇంకొకటి. నేను పాడుచేసినదాన్ని పక్కకు నెట్టి, వేరేది పెట్టుకుని పోవడం నాకు ఇష్టం లేకపోయింది. బడిలో పిల్లలు తప్పు చేసిన లెక్క కొట్టేసి వేరే లెక్క చేస్తామంటే నేను ఒప్పుకోను.

శనివారం సిలిండరు బ్లాకును లేత్ పట్టరకు, అంటే ఇనుము తొలిచే కార్ఖానాకు తీసుకెళ్లాం. అక్కడి పెద్దాయన కొలిచే పరికరం లోపల పెట్టి తిప్పి చూశాడు. ఈ ఇంజనుకు ఇంతకు ముందే ఒకసారి బోరింగు కొట్టారని, ఎవరు కొట్టారో తెలియదు గాని బాగానే కొట్టారని చెప్పాడు. గీతలు పోవాలంటే గోడను ఇంకా కొంచెం తొలవాలి.

"ఇంకొక్కసారికి చోటుంది. ఆ తర్వాత లేదు" అన్నాడు తమిళంలో.

"ఆ ఒక్కసారి ఇప్పుడే వాడుకుందాం" అన్నాను. బావ అక్కడి నుంచే పిస్టన్లకు ఫోన్ చేశాడు.

ఒక షరతు పెట్టాను, నాకు నేనే. కూర్చేది నేను. సాయంత్రం అయిదు గంటలకు బడి నుంచి నేరుగా షెడ్డుకు పోయేదాన్ని. మామ స్టూలు మీద కూర్చుని చెప్పేవారు, బావ పక్కన నిలబడి చెయ్యి పెట్టకుండా ఉండడానికి చాలా కష్టపడేవాడు. రింగుల కొసల మధ్య ఎంత సందు ఉండాలో పలుచని రేకు పెట్టి చూడడం, మూత బోల్టులను మధ్య నుంచి అంచులకు వరసగా బిగించడం నేర్చుకున్నాను. ఒక రింగు తలకిందులుగా వేశాను. మామ చూసి, "ఊపిరి పీల్చుకోలేక చస్తాది అది" అని మళ్లీ తీయించారు. బడిలో బోర్డు మీద రాస్తుంటే చేతి గోళ్లలో నలుపు చూసి పిల్లలు నవ్వేవారు.

ఇంజను మొదటిసారి తిరిగిన రోజు మామ చెవి పెట్టి విని తల ఊపారు. అంతే.

కొత్త రింగులు కుదురుకోవాలంటే కొన్నాళ్లు నెమ్మదిగా తోలాలి. ఆ ఆదివారం మామను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని కావేరి ఒడ్డున ఉన్న హొగేనక్కల్ పోయాను. బావ మోటారు సైకిల్ మీద వెనక వచ్చాడు.

"యాభై దాటద్దు" అని మామ ఆజ్ఞ. పెన్నాగరం దాటే లోపు ప్రతి బస్సూ హారన్ కొట్టి మమ్మల్ని దాటిపోయింది. ఒక ఆటో కూడా దాటింది. రేసు కారులో కూర్చుని ఆటోను వెనక నుంచి చూడడం నాకు అదే మొదటిసారి. మామ కిటికీ లోంచి చెయ్యి బయట పెట్టి, "పోనీ, పోనీ" అని అందరికీ దారి ఇస్తూ సంతోషంగా ఉన్నారు. నది ఒడ్డున వేయించిన చేపలు తిన్నాం. ఎప్పుడూ ఒకటితో ఆపే మామ ఆ రోజు మూడు తిన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఘాట్ ఎక్కుతున్నంతసేపూ నేను రోడ్డును ఎంత చూశానో ముల్లును అంత చూశాను. మధ్యలోనే నిలిచింది.

"రోడ్డు చూడమ్మా. ముల్లు ఎక్కడికీ పోయేది లేదు" అన్నారు మామ.

పోటీ సేలం దగ్గర ఎర్రమట్టి మైదానంలో జరిగింది. పదకొండు మందిలో నాలుగోదాన్నయ్యాను. మూడో అతనికీ నాకూ మధ్య అర సెకను కూడా లేదు. ముగ్గురికే కప్పులు, నాకు రాలేదు. కాని కారు తన చక్రాల మీద తానే నడిచి లారీ ఎక్కింది, చుక్క నీరు కారలేదు. మామ ఆ మైదానంలో కనిపించిన ప్రతి మనిషికీ, "ఇంజను మా కోడలు కూర్చింది" అని తమిళంలో చెప్పుకుంటూ తిరిగారు. మా బడిలో చదివే పిల్లవాడి తల్లి ఒకామె అక్కడ కొబ్బరి బోండాలు అమ్ముతోంది. ఆమె నమ్మలేదు. మామ ఆమెను కారు దాకా తీసుకొచ్చి బానెట్ ఎత్తి చూపించారు.

తొప్పూరు ఇంజనును బావ చివరికి తెచ్చుకున్నాడు. అలాంటి పాత కారే ఇంకొకటి వెతికి అందులో పెట్టాడు. మణికట్టు ఎప్పుడో బాగైంది కదా, పెద్ద విభాగంలో తానే తోలుతున్నాడు. రెండు కార్లకూ ఒక్క లారీ చాలదని ప్రతి పోటీ ముందూ మాకు తగువు. నా ఇంజను ఇప్పుడు రెండో ఏడాది నడుస్తోంది. ఈ నెలలో వాల్వుల సందు సరిచూసుకోవాలి. రేపు బడికి సెలవు కాబట్టి పొద్దున్నే షెడ్డుకు పోతాను.