మూడో తీగ

ఉదయం ఎనిమిది నలభైకి మా ఆయన గిటారు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. నేను వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి మూడో తీగ బిరడా తిప్పేదాన్ని. తొమ్మిదికి ఆయన ఫిల్మ్‌నగర్‌లో ఏదో ఒక రికార్డింగ్ స్టూడియోకి, నేను ప్రూఫులు దిద్దే ఆఫీసుకి బయల్దేరేవాళ్లం. వెంగళరావు నగర్‌లో మాది రెండు గదుల వాటా.

ఆయన వాయించేది స్లైడ్ గిటారు. ఎడమచేతి చిటికెన వేలికి ఉక్కు గొట్టం ముక్క తొడుక్కుని, తీగల్ని నొక్కకుండా వాటి మీద జారుస్తారు. ఆ ముక్కని యూసుఫ్‌గూడలో ఒక పైపుల షాపులో కోయించి, అంచులు తనే ఆకురాయితో నున్నగా చేసుకున్నారు. క్యాసెట్లు విని అమెరికన్ బ్లూస్ సంగీతం నేర్చుకున్న మనిషి. సినిమాల్లో ఆయనకి పని ఎక్కువగా ఒకేచోట దొరికేది: హీరో ఒంటరిగా మట్టిరోడ్డు మీద నడుస్తున్నప్పుడు.

ఈ వాయిద్యానికి మామూలు శృతి పనికిరాదు. వేళ్లు పెట్టకుండా మీటినా స్వరాలన్నీ కలిసి ఒక కార్డ్‌గా మోగేలా తీగల్ని దించుకోవాలి. ఆయన ఎక్కువగా వాడే శృతిలో లావు తీగ నుంచి వరసగా స ప స గ ప స వస్తాయి. చిన్నప్పుడు ఏడేళ్లు తంబూరా పక్కన కూర్చుని గాత్రం నేర్చుకున్నాను కాబట్టి అది నాకు వెంటనే అర్థమైంది. చిక్కంతా గాంధారంతోనే. సన్న తీగ వైపు నుంచి లెక్కపెడితే అది మూడో తీగ. శృతి చూసుకునే మీటరు పచ్చలైటు చూపించినచోట ఆపితే కార్డులో సన్నని ఊగులాట ఉంటుంది. ఇంకొంచెం దించితే ఆగుతుంది. ఎక్కడ ఆగిందో చెవి చెప్పాలి.

ఆయన చెవి చెప్పలేకపోయేది. ఏళ్ల తరబడి హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడం వల్లనో మరెందువల్లనో, ఒకే స్వరం కుడి చెవికి ఒకలా, ఎడమ చెవికి కాస్త పై శృతిలో వినిపించేది. డాక్టరు మందు లేదన్నారు. వాయించేటప్పుడు గిటారు మెడ మీది మెట్టు గీతకి సరిగ్గా పైన గొట్టం ఆపి, కంటితో, అలవాటుతో నెట్టుకొచ్చేవారు. శృతి మాత్రం నాది. సంగతి బయటికి తెలిస్తే పని పోతుంది. అందుకే స్టూడియోలో బిరడాలు ముట్టుకోవాల్సిన అవసరం రాకుండా రెండు శృతుల్లో రెండు గిటార్లు మోసుకెళ్లేవారు.

ఒకరోజు నాకు జలుబు చేసి చెవులు మూసుకుపోయాయి. అయినా బిరడా తిప్పాను. ఊగులాట వినపడలేదు. "చాలు, ఆగింది" అన్నాను.

స్టూడియోలో జరిగింది సాయంత్రం ఆయనే చెప్పారు. మొదటి టేక్ కాగానే సౌండ్ ఇంజనీరు, "సార్, థర్డ్ స్ట్రింగ్ జర కిందికున్నది. మీటర్ల సూడుండ్రి" అన్నాడట.

"అది అలాగే ఉండాలి తమ్ముడూ. మీ మీటరు చూపించేది పియానో గాంధారం."

"మరి ఫ్లూటుతోని కలుస్తలేదు సార్."

ఈయన వినలేరు. ఉన్నది నా మాట ఒక్కటే. దాని మీదే నిలబడ్డారు. రెండో టేక్, మూడో టేక్ అయ్యాయి. సంగీత దర్శకుడు, "లంచ్ తర్వాత చూద్దాం అన్నా" అన్నాడు. లంచ్ తర్వాత ఆ బిట్ కీబోర్డు మీద వాయించేశారు. ఇంజనీరు ఒక గిటారు ఆటో దాకా మోసుకొచ్చి, "ఫికర్ జెయ్యకుండ్రి సార్, గట్లయితది ఒక్కోపారి" అన్నాడట.

టీ ఇచ్చి నిజం చెప్పాను.

"మరి ఆగిందన్నావేంటి?"

"ఊగడం వినపడలేదండీ."

"దాన్ని ఆగడం అనరే, చెవుడంటారు. ఆ డిపార్ట్‌మెంటు నాది." కప్పు కింద పెట్టారు. "మీటరు చూసుకోమని పొద్దున ఒక్క మాట అనొచ్చుగా."

"అలా అంటే రేపటి నుంచి మీటరే చాలంటారని."

ఆయన ఆ గొట్టం ముక్కని రుమాలుతో తుడిచి పెట్టెలో పెట్టుకున్నారు.

మర్నాడు ఎనిమిది నలభైకి మామూలుగానే కూర్చున్నారు.

"జలుబెలా ఉంది?"

"తగ్గలేదు."

"అయితే ఇవాళ మీటరే."

నాలుగు రోజులు మీటరుతోనే వెళ్లారు. ఐదో రోజు తగ్గిందని చెప్పగానే మీటరు తీసేసి, బిరడాలున్న వైపు నాకేసి తిప్పారు. అప్పట్నుంచి ప్రతి ఉదయం ముందు జలుబు సంగతి అడిగేవారు. మండు వేసవిలో కూడా. ఆ సంగీత దర్శకుడు మళ్లీ పిలవలేదు. మిగతావాళ్లు పిలిచారు, మునుపటికంటే తక్కువ. ఇలా మూడేళ్లు గడిచాయి.

ఆయన పోయి ఏడాది దాటింది. వాయించని గిటారుకు తీగలు వదులు చేసి ఉంచాలని ఆయనే చెప్పేవారు. పదమూడో రోజు అయ్యాక రెండు గిటార్ల తీగలూ వదులు చేశాను.

మొన్న ఆ ఇంజనీరు ఇంటికి వచ్చాడు. ఇప్పుడు తనూ స్లైడ్ నేర్చుకుంటున్నాడట. "మేడమ్, సార్ థర్డ్ స్ట్రింగ్ ఎట్ల పెడుతుండె? గా ఒక్క దినం తప్పితె ఎన్నడు తప్పు పోలే. మీటర్ల పెడితె గా సౌండ్ వస్తలేదు" అన్నాడు.

"ఆయన చెవి అలాంటిది" అన్నాను.

"గంతే మేడమ్" అని తల ఊపి, టీ తాగి వెళ్లాడు. అతనికి నిజం చెప్పలేకపోయాను. బయటపడితే పోవడానికి ఆయనకి ఇక పనేమీ మిగల్లేదు కాబట్టి ఇక్కడ రాశాను.

ఎనిమిది నలభైకి మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ మూడో తీగ దించడం లేదు.