సొరబుర్ర మీద పెద్దసారు

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో 'నాకు రాదు' అనే మాట నా నోటికి వచ్చేది కాదు. ఆబిడ్స్‌లో ఒక చిన్న ఆఫీసులో గుమాస్తాను. నాంపల్లిలో పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. సాయంత్రాలు ఫోన్లో వీడియోలు చూస్తూ, ఎండిన సొరబుర్రల మీద తీగలూ చిలకలూ చెక్కి, సన్నటి చిల్లులు పెట్టి, లోపల బల్బు అమర్చి దీపాలు చేసేదాన్ని. (ఆ చిలకలను చూసి పెద్దమ్మ "కోళ్లు మంచిగున్నయి" అనేది.) అలాంటి నేను, మా పెద్దసారు రిటైరవుతున్నారని అందరూ శాలువా, గోడగడియారం అనుకుంటుంటే, "సారు ముఖం సొరబుర్ర మీద చెక్కి ఇస్తా" అనేశాను. అప్పటికి నేను చిలక ముక్కే తప్ప మనిషి ముక్కు చెక్కి ఎరగను. పైగా సారు నవ్వగా చూసినవాళ్లు ఆఫీసులో లేరు. "జర సోంచాయించు చెల్లె, అటిటు అయితే సారు ఊకోడు" అన్నాడు క్యాషియరన్న. "ఫికర్ చెయ్యకు అన్నా" అన్నాను. గడియారం ఆలోచన మానేశారు.

పెద్దమ్మ ఊరి నుంచి తెచ్చిన పెద్ద బుర్ర ఒకటి ఇంట్లో ఉంది. సారు ఫొటో దాని మీద అంటించి గీతలు దించాను. కాగితం చదును, కాయ గుండ్రం అన్న సంగతి చెక్కడం మొదలుపెట్టాకే తెలిసింది. బక్కపలచని సారుకు బూరెల్లాంటి బుగ్గలొచ్చాయి. పెదవి దగ్గర సర్దబోతే కత్తి జారి చెంప మీదికి పోయింది. ఒక పక్క అలా వదలలేక రెండో పక్కా పైకి లాగాను. ఇంకేముంది, పెద్దసారు చెవులదాకా నవ్వుతున్నారు.

"ఎవలు బిడ్డా గీయన?" అంది పెద్దమ్మ.

"మా సారే."

"మంచోని లెక్కనే ఉన్నడు. నువ్వేందో దినాం తిడ్తవ్."

ఇంకో బుర్ర లేదు, తెల్లారితే సభ. దాన్ని పాత చీరలో చుట్టి, చంటిపిల్లలా ఎత్తుకుని ఆబిడ్స్ దాకా నడిచాను. ఆటో ఎక్కితే కుదుపులకు పగులుతుందని భయం. (పగిలితే బాగుండునని లోలోపల ఆశ.)

సభలో క్యాషియరన్న బుర్రకు చుట్టిన చీర విప్పి స్విచ్చి వేశాడు. సారు కళ్లజోడు సర్దుకుని బుర్ర వంక చూశారు. బుర్ర ఆయన వంక చూసి నవ్వుతోంది. నేను క్యాషియరన్న వెనక్కి జరిగాను. అంతలో సారు భార్య లేచి దగ్గరికొచ్చి, "పెండ్లినాడు గిట్లనే నవ్విండు. మళ్ల గిప్పుడే సూస్తున్న" అంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సారు పెదవి ముందు ఒక పక్క కదిలింది, తర్వాత రెండో పక్క. చివరికి భుజాలు ఊగేలా నవ్వేశారు.

"దీన్ని ఇంట్ల పెట్టుకుంటే ఇగ నాతోని నీకేం పని?" అన్నారు భార్యతో.

"ఏం పనుండదు. దీంతోనే ముచ్చట పెడ్త" అంటూ ఆమె బుర్రను ఒళ్లోకి తీసుకుని, సభ అయ్యేదాకా ఎవరి చేతికీ ఇవ్వలేదు.

బయటికొచ్చాక క్యాషియరన్న మెల్లగా, "ఆ నవ్వు కావాలనే చెక్కినవా చెల్లె?" అని అడిగాడు.

"ఔ అన్నా" అన్నాను.

ఇప్పుడు నా చెయ్యి కుదిరింది. కాయ ఒంపును బట్టి గీస్తాను, ముఖాలు ఆ మనుషుల్లాగే వస్తాయి. ఎవరైనా దీపం కావాలని ఫోన్ చేసి కొత్తరకం ఏదైనా అడిగితే మాత్రం "చూసి చెప్తానండీ" అంటాను. ఫోన్ పెట్టేశాక, ఆనాటి ఆ పిల్లయితే ఈపాటికి ఒప్పేసుకుని కత్తి వెతుక్కుంటూ ఉండేదని తలచుకుని, నాలో నేనే నవ్వుకుంటాను.