అప్పలస్వామి కోసం తిరగరాసిన నాటకం

1961లో నేను ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో జూనియర్ గుమాస్తాని. సాయంత్రాలు అక్కడి తెలుగు నాటక సమాజానికి రచయితని. మద్రాసు వెళ్ళి సినిమాలకు రాయడం తరవాతి సంగతి.

ఆ ఏడు దసరా నాటకంలో తండ్రి వేషం అప్పలస్వామిది. వర్క్‌షాపులోని బాయిలర్ షాపులో ఇనప రేకులు బిగించే రివెట్లు కొట్టేవాడు. మొన్న మాఘంలో పోయాడు. అతను స్టేజి మీద నిలబడితే చాలు, జనం సర్దుకుని కూర్చునేవారు. కానీ ఏళ్ళ తరబడి సుత్తి మోత అతని చెవులు తినేసింది. ఎదుటివాడి చివరి మాట విని నటుడు తన మాట ఎత్తుకోవాలి. దాన్ని క్యూ అంటాం. రిహార్సల్లో అప్పలస్వామికి క్యూలు అందడం లేదు. తెరచాటు నుంచి మాటలందించే ప్రాంప్టరు గొంతు వెనక బెంచీలకు కూడా వినబడుతోంది, అతనికి తప్ప.

వేషం ఇంకొకరికి ఇచ్చేద్దామన్నారు మా కార్యదర్శి. ఆ మాట చెప్పే పని నా మీద పడింది.

షాపుకెళ్ళాను. ఆ మోతలో ఎవరూ మాట్లాడరు. ఒకడు పట్టకారుతో ఎర్రగా కాలిన రివెట్టు పెట్టి గడ్డం ఎత్తుతాడు, అప్పలస్వామి సుత్తి పడుతుంది. ఒక్క దెబ్బా తడబడలేదు. ఆ గడ్డమే అతనికి క్యూ.

భోజనాల సైరన్‌కి బయటికొచ్చి నా మొహం చూశాడు. "ఏటి రైటర్‌బాబూ, నా ఏసం పీకేసినారా?"

లేదనీ, మాటలు మారుస్తున్నాననీ చేతులూపుతూ అరిచాను.

"మార్సండి గానీ సావు సీను ఒగ్గీకండి. మా ఆడది దానికోసవే వొస్తది."

అతని ప్రతి మాటకూ ముందు ఎదుటివాడికి ఒక పని పెట్టాను: గొడుగు మూయడం, గ్లాసు దించడం, వెనక్కి తిరగడం. పనే సగం చెప్పేస్తుంటే సంభాషణలు బరువనిపించి కోసేశాను. కొడుకు వేషం వేసే టికెట్ కలెక్టర్ సూర్యం లబలబలాడాడు. "ఇది ఏసవేటి గురువుగారూ, ఇంటిసాకిరీ గానీ! మాటలు కోసేసి సేతికి గ్లాసిచ్చినారు."

నాటకంలో అప్పలస్వామి ఎక్కడా ఆగలేదు. విచిత్రం హాల్లో జరిగింది. ఏటా మొదటి అంకం అవగానే గోల్‌బజార్‌కు టీకి జారుకునే బాయిలర్ షాపు జట్టు చివరిదాకా కదల్లేదు. తెర పడ్డాక వాళ్ళలో ఒకడు స్టేజెక్కి అరిచాడు: "మాఁవా, ఈపాలి పక్కోడినడక్కుండా కతంతా తెలిసిపోనాది!"

"ఏటీ?" అన్నాడు అప్పలస్వామి. వాడు చేతులతో మళ్ళీ చెప్పాడు.

నేను ఒక నటుడి కోసం రాశాను. అలాంటి చెవులవాళ్ళు నా ఎదుట బెంచీల మీద ఏటా కూర్చుంటున్నారని తట్టనేలేదు. మద్రాసులో ప్రతి సీనూ రాశాక సంభాషణల మీద కాగితం కప్పి చదివేవాణ్ణి. మిగిలినదాంతో కథ తెలియకపోతే మళ్ళీ రాసేవాణ్ణి.