నలభై ఒకటో నిమిషం

మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల మోటారు ఒకటే, లిఫ్టు ఒకటే, ఓటీటీ పాస్‌వర్డూ ఒకటే. ఆ పాస్‌వర్డు నాది. ఎల్‌బీ నగర్‌లో ఉన్న ఈ మూడంతస్తుల భవనంలో నాలుగిళ్ల వాళ్లు నా అకౌంట్ మీదే కాలక్షేపం చేస్తున్నారు. ఎవరి ప్రొఫైల్ వాళ్లు పెట్టుకోండని మొత్తుకున్నాను. ఒక్కరూ వినలేదు. అందరూ ‘మృదుల’ అన్న నా పేరు మీదే నొక్కి చూస్తారు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో రోజంతా గ్రూప్స్ రాసే వాళ్లకు రీజనింగ్ చెప్పి, గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చి టీవీ పెడితే, పై ఇంటి వాళ్ల దయ్యాల సినిమాలు, పక్కింటి వాళ్ల కార్టూన్లు, కింద వాటా యెహెజ్కేలు గారి డాక్యుమెంటరీలు వరసగా నన్ను పలకరిస్తాయి.

యెహెజ్కేలు గారు ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయి ఆరేళ్లు. కూతురు సాధన మలక్‌పేటలో నర్సు. కిరాయికి దిగిన నెలకే ఆ అమ్మాయి మెట్ల దగ్గర నన్ను పట్టుకుంది. “మేడం, మా నాయిన పగలంతా ఒక్కడే ఉంటడు. మీ పాస్‌వర్డ్ జర ఇస్తరా?” అంది. ఇవ్వను అనడం నాకు చేతకాదు. ఇచ్చాక సణుక్కోవడం మాత్రం బాగా వచ్చు.

ఆయనకు సినిమాలు పడవు. “అన్నీ తెలిసిన స్టాపులే మేడం. ఏడ దిగుతరో ముందే తెలుస్తది” అంటారు. డాక్యుమెంటరీలైతే ప్రాణం పెట్టి చూస్తారు. ఇంగ్లీషు అర్థం కాకపోయినా ఆయనకు ఇబ్బంది లేదు. ఆఫ్రికాలో వేల జంతువులు మొసళ్ల మధ్య నది దాటే సినిమా చూసి, మర్నాడు గేటు దగ్గర నన్ను ఆపి, “మా కోఠి బస్సెక్కే జనం నయం మేడం. పక్కోడు పడితే లేపుతరు. గవి లేపుతలేవు” అని బాధపడ్డారు. ఇంకోసారి మంచులో పక్షుల గురించి. “వేల పక్షులల్ల తల్లి తన పిల్లను గొంతు పట్టి గుర్తుపడ్తదట. సాధన చెప్పింది. నిజమేనా?” అని అడిగారు. నిజమే అన్నాను. మర్నాడు మళ్లీ అదే అడిగారు. అప్పుడు నాకు చిరాకే వేసింది.

ఆ తర్వాత నా టీవీలో ఒక ఆనకట్టల సినిమా తిష్ట వేసింది. ప్రపంచంలో నదులకు అడ్డంగా మనుషులు కట్టిన కట్టడాల గురించి ఎవరో విదేశీయులు తీసింది. సగం చూసి వదిలేసినవి ఒక వరసలో కనిపిస్తాయి కదా, ఆ వరసలో అదే ముందుండేది. బొమ్మ కింద ఎర్ర గీత సరిగ్గా సగంలో ఆగి ఉండేది. మూడు వారాలైనా ఆ గీత జరగలేదు. ఈయన పెట్టిన ప్రతిసారీ అక్కడికొచ్చేసరికి కునుకు తీస్తున్నారనుకున్నాను.

“ఏంటండీ, ఆ ఆనకట్ట సగంలోనే ఆగిపోయింది. ఎప్పటికి పూర్తి చేస్తారు?” అని ఆటపట్టించాను కూడా. ఆయన నవ్వి తల దించుకున్నారు.

ఒక ఆదివారం నాకు శుభ్రం చేసే పిచ్చి పట్టింది. వంటింటి డబ్బాలు అయ్యాయి, బీరువా అయ్యింది, చివరికి టీవీ మీద పడ్డాను. ఆ వరసలో ఉన్న చెత్తంతా ఒక్కొక్కటే తీసేశాను. ఆనకట్ట కూడా పోయింది. తెర తుడిచినట్టు ఉంది. హాయిగా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే కాలింగ్ బెల్. తలుపు తీస్తే యెహెజ్కేలు గారు. చేతిలో రిమోట్ ఉంది. చొక్కా గుండీలు ఒకటి దాటి ఒకటి పెట్టుకున్నారు.

“మేడం, మా అమ్మ కనిపిస్తలేదు” అన్నారు.

అరవై ఆరేళ్ల మనిషికి తల్లి ఉందని నాకు తెలీదు. “అయ్యో, ఎప్పట్నుంచండీ? సాధనకు చెప్పారా?” అన్నాను కంగారుగా.

“టీవీల మేడం. రోజూ ముందే ఉంటుండె. రాత్రి సంది ఎంత ఎతికినా లేదు. నాకు ఇంగ్లీషుల కొట్టి ఎతకరాదు.”

నాకేమీ అర్థం కాలేదు. కిందికి వెళ్లి, ఆయన చెప్పిన ఆనవాళ్లను బట్టి సినిమా పేరు వెతికి పెట్టాను. ఆయన రిమోట్ అందుకుని ఎక్కడా తడుముకోకుండా నలభై ఒకటో నిమిషానికి జరిపారు.

నలుపూ తెలుపూ బొమ్మ. అరవై ఏళ్లనాటి నాగార్జునసాగర్ పని. రాతికట్టడం మీదికి కట్టెలతో కట్టిన ఏటవాలు దారి, దాని మీద వరసగా తట్టలు మోస్తూ వందల మంది. అందులోంచి ఒకామె కెమెరా దగ్గరికి వస్తుంది. ఎడమ చేత్తో తట్ట పట్టుకుని, కుడి చేతి మణికట్టుతో నుదుటి మీద జుట్టు తోసుకుని, తలెత్తి మన వైపు చూస్తుంది. ఏదో అంటుంది కానీ మాట వినిపించదు. అక్కడ సంగీతం పెట్టారు. నవ్వబోయి, వెనకాల వాళ్లు తోస్తే దాటి వెళ్లిపోతుంది. మొత్తం పదకొండు సెకన్లు.

“గామెనే మా అమ్మ” అన్నారు యెహెజ్కేలు గారు.

దేవరకొండ వైపు వాళ్ల ఊరు. కరువుకు ఊరంతా సాగర్ పనికి కదిలితే ఈయన తల్లి మార్తమ్మ కూడా చంకలో పిల్లాడితో వెళ్లింది. కూలీల గుడిసెల్లోనే జ్వరంతో పోయింది. ఈయనకు అప్పటికి రెండేళ్లు. తల్లి చెల్లెలు సైదమ్మ ఈయన్ని పెంచింది. మార్తమ్మ ఫొటో ఒక్కటీ లేదు. ఆ రోజుల్లో తట్టలు మోసే వాళ్లకు ఫొటో ఎవరు తీస్తారు?

“ముప్పై ఒక్క ఏండ్లు మొఖాలే చూసిన మేడం. టికెట్ తీసుకున్న మొఖం, తీసుకోని మొఖం, పాస్ ఇంట్ల మర్చిపోయొచ్చిన మొఖం. ఒక్కసారి చూస్తే మర్చిపోను. గా ఒక్క మొఖమే చూడలే. చిన్నమ్మ చెప్తుండె, అమ్మది ఎడమచేతి వాటం అని. ఈమె చూడుండ్రి, ఎడమ చేత్తోనే పట్టింది.”

నేను రీజనింగ్ చెప్పే మనిషిని. అక్కడ పనిచేసింది వేల మంది. తట్ట ఏ చేత్తోనైనా పట్టుకుంటారు, అలిసిన చెయ్యి మారుస్తారు. కెమెరా ఏ రోజు తీసిందో, అప్పటికి మార్తమ్మ బతికుందో లేదో ఎవరికి తెలుసు? ఇవన్నీ నా నాలుక చివరిదాకా వచ్చాయి. ఆయన తప్పు గుండీలు చూసి నోరు మూసుకున్నాను. ఆ వరసలోంచి ఆవిణ్ణి తీసేసింది నేనేనని కూడా చెప్పలేదు. ఇప్పటిదాకా చెప్పలేదు.

కానీ నా బుద్ధి ఊరుకోదు. ప్రశ్న ఉంటే జవాబు ఉండాలి, దాని పక్కన టిక్కు ఉండాలి. రెండ్రోజుల తర్వాత అడిగాను. “మీ చిన్నమ్మ గారు ఉన్నారా?”

“ఉన్నది. బడంగ్‌పేట్‌ల బిడ్డ దగ్గరుంటది. ఎనభై రెండు.”

“మరి ఆవిడకు చూపించారా?”

“లేదు.”

“ఎందుకండీ? మీ అమ్మగారిని చూసిన మనిషి లోకంలో ఆవిడొక్కరే కదా!”

చాలాసేపు రిమోట్ బ్యాటరీ మూత తీసి పెడుతూ కూర్చున్నారు. “కాదంటే ఎట్ల మేడం? మొన్నటిదాంక ఏం లేకుండె, బతికిన. ఇప్పుడు దొరికింది. మళ్ల పోతే నా వల్ల కాదు.”

ఆ మాటకు ఎవరైనా ఊరుకుంటారు. నేను ఊరుకోలేదు. వారం తర్వాత గేటు దగ్గర, “ఆవిడకు ఎనభై రెండు అన్నారు. ఆవిడ కూడా పోతే ఇక జన్మలో తెలీదు మీకు” అనేశాను. అని, ఇంట్లోకొచ్చి నన్ను నేను తిట్టుకున్నాను. మా అమ్మ బతికున్న రోజుల్లో “నీ నాలుకకు తాళం వెయ్యాలే” అనేది. తెనాలి నుంచి తెచ్చిన మా అమ్మ ఫొటోలు అట్టపెట్టెలో రెండొందలు పైనే ఉంటాయి. ఎన్నేళ్లయిందో వాటిని తీసి. ఆ సాయంత్రం తీసి చూశాను. బాగా ఏడ్చాను. ఒక్క ఫొటో కూడా లేకుండా ఒక మనిషి అరవై నాలుగేళ్లు ఎలా ఉంటాడో నాకు ఊహకు అందలేదు.

మర్నాడు ఆయనే వచ్చారు. “ఆదివారం చర్చి అయినంక పోదాం మేడం. మీరు గూడ రాండ్రి. నాకు ఫోన్ల పెట్టరాదు” అన్నారు.

ఫోన్‌లోకి ఎక్కించడం నాకూ రాలేదు. ఫోన్లో స్క్రీన్ రికార్డు చేస్తే నల్లటి తెర తప్ప ఏమీ పడలేదు. చివరికి టీవీ ముందు నిలబడి ఫోన్‌తో ఆ పదకొండు సెకన్లూ తీశాను. అదే సమయానికి మా వంటింట్లో కుక్కరు విజిలేసింది. మళ్లీ తీసే ఓపిక లేక అలాగే ఉంచేశాను.

ఆదివారం ఆటోలో బయల్దేరాం. సాధనకు డ్యూటీ పడి రాలేదు. యెహెజ్కేలు గారు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నారు, నున్నగా గడ్డం గీసుకున్నారు. ఆటో సాగర్ రింగ్ రోడ్డు దాటింది. తర్వాత, “పెండ్లిచూపులకు గూడ గింత భయపడలే” అన్నారు.

సైదమ్మ గారు వరండాలో నవారు మంచం మీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి. కంటి ఆపరేషన్ అయిందట, చూపు బాగానే ఉంది. “ఏందిరా బిడ్డా, పండుగ లేదు పబ్బం లేదు, గిట్లొచ్చినవ్?” అంటూ ఆయన చెంపలు రెండు చేతుల్తో తడిమింది. నన్ను చూసి, “కూసో బిడ్డా” అంది.

నేనే చెప్పాను. సాగర్ కట్టేటప్పటి సినిమా ఒకటి దొరికిందనీ, అందులో ఒకావిడ మార్తమ్మ గారేమో చూసి చెప్పాలనీ. ఆవిడ ముఖంలో నవ్వు ఆగిపోయింది. చేయి చాపింది. ఫోన్ ఇచ్చి, ఎక్కడ నొక్కాలో చూపించాను.

ఒకసారి చూసింది. కుక్కరు విజిల్ వినపడగానే ఉలిక్కిపడి, “గప్పుడు కుక్కర్లు లేవు” అంది. అది మా ఇంటిదని చెప్పాను. మళ్లీ చూసింది. మూడోసారి, నాలుగోసారి. యెహెజ్కేలు గారు మెట్టు మీద కూర్చుని చెప్పులున్న వైపు చూస్తున్నారు. ఆవిడ వైపు చూసే ధైర్యం లేదు.

“చిన్నమ్మా” అన్నారు చివరికి. “అమ్మనేనా?”

ఆవిడ ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. “యాదికి లేదు బిడ్డా.”

“యాదికి లేకపోవుడేంది? నువ్వే చెప్తుంటివి గదా. నల్లగ, బారుగ, ఎడమచేతి వాటం అని...”

“నువ్వు చిన్నగున్నప్పుడు రోజూ అడుగుదువు, అమ్మ ఎట్లుండె అని. ఏదో ఒకటి చెప్పకపోతే పండకపోదువు. శానా చెప్పిన. అండ్ల నేను చూసిందెంతో, నీ కోసం చెప్పిందెంతో ఇప్పుడు నాకే తెలుస్తలేదు.” “నాకు పద్దెనిమిదేండ్లు అప్పుడు. కండ్లు మూసుకుంటే దాని చీర యాదికొస్తది. దాని చేతి గాజుల సప్పుడు యాదికొస్తది. మొఖం రాదు. ఎన్నేండ్లాయెనో రాక. నీకు చెప్తే బాధపడ్తవని చెప్పలే.”

యెహెజ్కేలు గారు రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నారు. నాకు లేచి వచ్చేయాలనిపించింది. జవాబు కావాలని ఎగబడింది నేను. ఇప్పుడు ఆయనకు అవునూ లేదు, కాదూ లేదు. ఇన్నేళ్లు విన్న ఆనవాళ్లు కూడా పోయాయి. ఆయన దగ్గర ఇక మిగిలిందేమీ లేదు.

సైదమ్మ గారు ఫోన్ మళ్లీ చేతిలోకి తీసుకుంది. నేను చూపించిన చోట వేలితో నొక్కింది. బొమ్మ కదిలింది. ఆవిడ దాన్ని ముఖానికి బాగా దగ్గరగా పెట్టుకుంది.

“అక్కా” అంది.

ఆ పిలుపు ఆవిడకే కొత్తగా అనిపించినట్టుంది. అరవై ఏళ్లకు పైగా ఆవిడ ఎవర్నీ అలా పిలిచి ఉండదు. మళ్లీ అంది. “అక్కా, నీ కొడుకును నేనే సాదిన. సదివిచ్చిన. బస్సుల నౌకరి చేసిండు. బిడ్డను నర్సు చదివిచ్చిండు. మంచోడే అక్కా. సూడు, ముసలోడైండు.”

అంటూ ఫోన్ తిప్పి, తెర యెహెజ్కేలు గారి వైపు పెట్టి పట్టుకుంది.

ఆయన తలెత్తారు. తెరలో ఆమె తలెత్తి చూస్తోంది. ఆయన గబుక్కున లేచి నిలబడ్డారు. కళ్లు తుడుచుకుని, చొక్కా కిందికి లాక్కుని, జుట్టు సవరించుకుని, చేతులు రెండూ పక్కన పెట్టుకుని నిలబడ్డారు. వెనకాల వాళ్లు తోస్తే ఆమె దాటి వెళ్లిపోయింది. కుక్కరు కూసింది. తెర ఆగిపోయింది.

సైదమ్మ గారు చేయి దించలేదు. తల తిప్పి నాకేసి చూసింది.

“మళ్ల పెట్టు బిడ్డా. అక్క వాన్ని ఇంకా సరిగ సూడలే.”